లోకసభ : ప్రథమ దశ (1952–1969)

భారత పార్లమెంటునందు ప్రజలు స్వయముగా ఎన్నుకొను సభకు లోకసభ యని పేరు. వయోజన వోటుహక్కుతో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికల పిమ్మట, 1952 ఏప్రిల్ 17న ఏర్పడిన ఈ సభ మే 13న మొదటిసారి సమావేశమయ్యెను.

పూర్వరంగము : 1921లో నెలకొన్న కేంద్ర శాసనసభయందు సభ్యులు ప్రశ్న లడుగవచ్చును, బడ్జెటును విమర్శింపవచ్చును, కాని వారు త్రోసిపుచ్చిన పద్దును గవర్నరు జనరల్ తిరిగి నిలుపగలిగెను. అట్టి పరిమితులలోనే, 1925లో అధ్యక్షుడైన విఠల్‌భాయి పటేలు సభాపతి స్వాతంత్ర్యమునకై పట్టుబట్టి, 1929లో సభకు ప్రత్యేక కార్యాలయమును సాధించెను.

ప్రతిపక్షము, సంఘములు : ప్రథమ లోకసభకు ఎన్నికలు జరిగిన 489 స్థానములలో కాంగ్రెసు 364 గెలుచుకొనగా, సభలో పదవవంతు బలమైనను గల ప్రతిపక్షము లేకపోయెను. మంత్రివర్గమును కూలద్రోయగల సంఖ్య ఎవరికిని లేనపుడు, దానిచేత లెక్క చెప్పించు భారము సభామర్యాదల పైనను, సంఘముల పైనను పడెను. అంతవరకు ఆర్థికమంత్రి అధ్యక్షతన నడచిన ప్రభుత్వ లెక్కల సంఘము 1950లో సభాపతి అదుపులోనికి వచ్చెను. ఆ యేడే అంచనాల సంఘము వెలసెను. 1953లో ఏర్పడిన హామీల సంఘము, “పరిశీలించెదము” అని మంత్రి పలికిన మాటను సైతము హామీగా నమోదుచేసి, అది నెరవేరినదో లేదో విచారించుచుండెను. ఈ పద్ధతులను తీర్చిదిద్దినవారిలో తొలి సభాపతి గణేశ వాసుదేవ మావలంకరు అగ్రగణ్యుడు. తిరుపతినుండి ఎన్నికైన ఉపసభాపతి మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1956లో ఆయన స్థానము నలంకరించెను.

ముంధ్రా వ్యవహారము : జీవిత బీమా సంస్థ కోటి రూపాయలకు మించిన ధనమును హరిదాసు ముంధ్రా కంపెనీల వాటాలలో పెట్టిన విషయమును 1957 డిసెంబరు 16న సభ ముందుంచినవాడు ప్రతిపక్ష సభ్యుడు కాడు, పాలకపక్షమునకు చెందినవాడును, ప్రధానమంత్రికి అల్లుడును అగు ఫిరోజ్ గాంధీ. న్యాయమూర్తి చాగ్లా బహిరంగముగా విచారణ జరిపెను, ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి 1958 ఫిబ్రవరిలో పదవిని త్యజించెను.

తరువాతి పరిణామము : 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ ప్రతిపాదించిన తొలి అవిశ్వాస తీర్మానము 62–347 వోట్లతో వీగిపోయినను, చైనా యుద్ధమునందలి వైఫల్యములకు ప్రభుత్వము దేశము ముందు సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చెను. 1967లో లెక్కల సంఘాధ్యక్షత ప్రతిపక్షీయుడగు మీనూ మసానీకి లభించెను. 1969లో రామ్ సుభగ్ సింగ్ తొలిసారిగా అధికారికముగా గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడయ్యెను.

మూల్యాంకనము : నూతన ప్రజాస్వామ్యములలో అఖండమైన మెజారిటీ శాసనసభను ఆమోదముద్ర వేయు యంత్రముగా దిగజార్చు ప్రమాదము ఎల్లప్పుడును కలదు. ఆ ప్రమాదము తలుపు తట్టుచున్న కాలముననే, పాలకపక్ష సభ్యులకు తమ మంత్రులనే నిలదీయు ధైర్యమును, మంత్రులకు సమాధానము చెప్పు అలవాటును నేర్పుట ఈ దశలో లోకసభ దేశమునకు చేసిన మహోపకారము. ఈ రెండును సన్నగిల్లిన సభకు రాజ్యాంగ మొసగిన అధికారము లెన్ని యున్నను నిష్ఫలములే.