గూడుబండి, పల్లకీ, కాంపర్ వాన్

వేసవి దగ్గర పడుతోందంటే మన ఫ్రీమాంట్ ఇళ్లలో రెండు ప్రశ్నలు తప్పవు. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారా? వస్తే ఎక్కడికి తీసుకువెళ్లాలి? ఈమధ్య మూడో ప్రశ్న కూడా వచ్చి చేరింది: ఒక కాంపర్ వాన్ అద్దెకు తీసుకుని, అందులోనే వండుకుంటూ, అందులోనే పడుకుంటూ పది రోజులు తిరిగివస్తే ఎలా ఉంటుంది? ఇదేదో అమెరికావాళ్లు కనిపెట్టిన కొత్త సరదా అని మనలో చాలామంది అభిప్రాయం. కాస్త వెనక్కి తిరిగి చూస్తే ఇది మన తాతముత్తాతలకు బాగా తెలిసిన పద్ధతేనని తేలుతుంది. అయితే ఆ సుఖం ఎవరి కష్టం మీద సమకూరిందనేది కూడా చరిత్ర చెబుతుంది. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పుకుందామనే ఈ వ్యాసం.

ముందు మన గూడుబండి. రెండు చక్రాల ఎడ్లబండి మీద వెదురుబద్దలు వంచి కట్టి, పైన చాప కప్పితే గూడుబండి అయింది. లోపల మెత్తగా గడ్డి పరిచి, దానిమీద జంపఖానా వేస్తే పిల్లలకూ ముసలివాళ్లకూ పడక. బండి కింద లాంతరు వేలాడేది. రాత్రి చల్లదనంలో ప్రయాణం, ఎండ ముదిరే వేళకు ఏ చింతతోపులోనో మజిలీ. ఎడ్లను విప్పి నీళ్లు పెట్టి, మూడు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే అదే వంటిల్లు. తిరునాళ్లకూ, తీర్థాలకూ, పెళ్లిళ్లకూ కుటుంబాలు ఇలాగే కదిలేవి. రెండేళ్లకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు జనం బండ్లు కట్టుకుని వెళ్లి, అడవిలో ఆ బండ్ల దగ్గరే వండుకుని, అక్కడే నిద్రచేసేవారు. దారి పొడుగునా సత్రాలూ, చలివేంద్రాలూ ఉండేవి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు (1841-1909) దారిన పోయేవారికి వేళాపాళా చూడకుండా అన్నం పెట్టి పేరు పొందారు. అంటే వెళ్లేవాడి బండి ఒక్కటే బాగుంటే చాలదు, దారిలో ఉన్నవాళ్లూ బాగుండాలి.

ఇక దూరప్రయాణం సంగతి. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనే సామెత ఊరికే పుట్టలేదు. అలాంటి రోజులలో ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి వెళ్లి క్షేమంగా తిరిగివచ్చారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు, అంటే పదిహేను నెలల పైచిలుకు. వెంట ఇంటి ఆడవాళ్లూ, పరివారమూ కలిసి సుమారు నూరుమంది. డేరాలూ, పల్లకీలూ, వంట సరంజామా అన్నీ ఉన్నాయి. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, శ్రీకాకుళం మీదుగా కోస్తా వెంబడి తిరిగివచ్చారు.

ఆయన దారిలో రాసుకున్న సంగతులను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైగారికి పంపుతూ ఉండేవారు. అవే 'కాశీయాత్ర చరిత్ర' పేరుతో 1838లో అచ్చయ్యాయి. అప్పటికి వీరాస్వామయ్యగారు కాలం చేసి రెండేళ్లయింది. తరువాత దిగవల్లి వేంకట శివరావుగారు 1941లో ఆ గ్రంథాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకంలో దేవాలయాల కంటే మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఆయన లోకజ్ఞానం. ఒక మజిలీకీ మరో మజిలీకీ దూరమెంత, ఊళ్లో నీళ్లు మంచివేనా, అంగళ్లున్నాయా, బియ్యం దొరుకుతుందా, దిగడానికి స్థలం ఉందా అని వెనక వచ్చేవాడిని మనసులో పెట్టుకుని రాశారు. ఈనాటి కాంప్ గ్రౌండు వివరాలలో మనం వెతుక్కునేది కూడా అదే కదా!

అయితే ఆ పల్లకీలు వాటంతట అవి నడవలేదు. ఎండల్లో, వానల్లో, కొండదారుల్లో వాటిని మోసినవారు బోయీలు. మనం చదువుకునే ప్రయాణసుఖం వారి భుజాల మీద సాగింది.

ఇప్పుడు మన కొత్త ఊరికి వద్దాం. ఫ్రీమాంట్ పేరే ఒక దారుల మనిషి పేరు. జాన్ ఫ్రీమాంట్ 1840లలో అమెరికా పశ్చిమ భాగమంతా తిరిగి నివేదికలు రాశాడు. వాటిని చదవదగ్గ తెలివైన వచనంగా తీర్చిదిద్దడంలో అతని భార్య జెస్సీ హస్తం ఎంతో ఉంది. అతనితో వెళ్లిన చార్లెస్ ప్రూస్ గీసిన ఓరెగాన్ దారి పటం 1846లో ఏడు భాగాలుగా వెలువడింది. గూడుబండ్ల లాంటి గుడారపు బండ్లలో పడమరకు వచ్చే కుటుంబాలు ఈ నివేదికలను దారి చూపే పుస్తకాలుగా వాడుకున్నాయి. ఆ దారులు వేసిన నేల ఖాళీగా లేదన్న సంగతీ మరువరాదు. 1797లో మిషన్ శాన్ హోసే వెలిసిన చోట అంతకుముందు నుంచీ ఓలోనీ ప్రజలు ఉన్నారు. 1846 ఏప్రిల్‌లో సాక్రమెంటో నది ఒడ్డున ఫ్రీమాంట్ మనుషులు ఎందరో ఆదివాసులను చంపారు. ఊరి పేరు వెనుక ఇది కూడా ఉంది.

అదే 1846లో ఇల్లినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి జేమ్స్ రీడ్ కుటుంబం బయలుదేరింది. ఆయన అత్తగారు సారా కీస్ జబ్బుమనిషి. కూతురిని విడిచి ఉండలేక తానూ వస్తానన్నది. ఆమెకు కుదుపులు తగలకూడదని రీడ్ ఒక ప్రత్యేకమైన బండి చేయించాడు. పక్కనుంచి ఎక్కే మెట్లు, స్ప్రింగు సీట్లు, లోపల ఒక పొయ్యి, దాని పొగగొట్టం పైకప్పులోంచి బయటికి, పైన బల్లలు వేసి పడకలు. ఆయన సవతికూతురు వర్జీనియా తరువాతి కాలంలో రాసిన జ్ఞాపకాలలో ఈ బండిని రాజభవనంతో పోల్చింది. కాంపర్ వాన్‌కు ఇంతకంటే దగ్గరి పూర్వీకుడు మాకు కనబడలేదు.

ఎవరికోసం ఆ బండి చేయించారో ఆ ముసలమ్మ కాన్సస్ దాటకుండానే, 1846 మే 29న కన్నుమూసింది. మిగిలినవారు ముందుకు సాగారు. లాన్స్‌ఫోర్డ్ హేస్టింగ్స్ అనే అతను 1845లో అచ్చువేసిన పుస్తకంలో ఒక అడ్డదారి గురించి రాశాడు. రాసేనాటికి ఆ దారిన అతను బండి తోలి ఎరుగడు. దాన్ని నమ్మిన డానర్, రీడ్ కుటుంబాల బృందం వాసాచ్ కొండల్లో చెట్లు నరుక్కుంటూ దారి చేసుకోవలసి వచ్చింది, ఉప్పుటెడారిలో ఎడ్లను పోగొట్టుకుంది. రాజభవనం లాంటి ఆ బండినీ దారిలో వదిలేయక తప్పలేదు. సియెర్రా కొండలు ఎక్కేసరికి మంచు ముంచుకొచ్చింది. బృందంలోని 87 మందిలో దాదాపు సగం మంది చలికీ ఆకలికీ చనిపోయారు. రీడ్ దంపతులూ, నలుగురు పిల్లలూ బతికి బయటపడి, మన పక్కనే ఉన్న శాన్ హోసేలో స్థిరపడ్డారు. అక్కడి రీడ్, మార్గరెట్, వర్జీనియా, కీస్ వీధులు ఆ కుటుంబం గుర్తులే. మనలో రోజూ ఆ వీధుల మీదుగా ఉద్యోగాలకు వెళ్లేవారు ఉండే ఉంటారు.

రెండు ప్రయాణాల నడుమ పదహారేళ్ల తేడా. రెండు పుస్తకాల నడుమ ఏడేళ్లు. వీరాస్వామయ్యగారు తాను నడిచిన దారినే రాశారు. హేస్టింగ్స్ తాను నడవని దారిని రాశాడు. ఒకదాని వల్ల వెనక వచ్చేవారికి మేలు జరిగింది, ఇంకొకదాని వల్ల ప్రాణాలు పోయాయి. బండి ఎంత సౌకర్యంగా ఉన్నా దారి గురించిన మాట నిజం కాకపోతే ఆ సౌకర్యం బరువే అవుతుంది.

తరువాత రైలు వచ్చింది. మద్రాసు రాజధానిలో 1856లోనూ, నైల్స్ లోయ గుండా మన ప్రాంతానికి 1869లోనూ. కాశీ ప్రయాణమూ, కాలిఫోర్నియా ప్రయాణమూ నెలల నుంచి రోజులకు దిగాయి, బండిలో కాపురం పాతబడింది. మళ్లీ మోటారు వచ్చాకనే దానికి ప్రాణం వచ్చింది. 1910లో పియర్స్ ఆరో సంస్థ పడకగా మారే సీటూ, చేతులు కడుక్కునే తొట్టీ ఉన్న కారును చూపించింది. అది ధనవంతుల వాహనం. 1915 నుంచి దాదాపు పదేళ్లపాటు హెన్రీ ఫోర్డు, ఎడిసన్, ఫైర్‌స్టోన్ వేసవుల్లో డేరాలు వేసుకుంటూ కార్లలో తిరిగారు. తాము దేశదిమ్మరులమని చెప్పుకున్నారు కాని, వెంట వంటవాళ్లూ, వంటసామాను బండీ ఉండేవి. పల్లకీ పోయింది, బోయీలు మాత్రం వేరే రూపంలో మిగిలారు! నిజమైన దేశదిమ్మరి బొమ్మ మన నైల్స్‌లోనే తయారైంది. చాప్లిన్ 1915లో తీసిన 'ది ట్రాంప్' చివర ఒంటరిగా నడిచిపోయే దారి నైల్స్ లోయలోనిదే.

సామాన్యుల కాంపర్ 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలైన 'టిన్ కాన్ టూరిస్టుల' సంఘంతో బలపడింది. జర్మనీలో వెస్ట్‌ఫాలియా సంస్థ 1951లో ఫోక్స్‌వాగన్ వాన్‌లో పెట్టెలూ పడకా అమర్చింది. 1966లో ఐయోవాలోని విన్నెబాగో సంస్థ మోటారు ఇళ్లను వరసగా తయారుచేయసాగింది. 1973లో పెట్రోలు కరువు వచ్చి ఈ పెద్ద బండ్ల జోరుకు కళ్లెం వేసింది.

1956 సంవత్సరం మనకు రెండు విధాల ముఖ్యం. జనవరిలో సెంటర్‌విల్, నైల్స్, ఇర్వింగ్టన్, మిషన్ శాన్ హోసే, వార్మ్ స్ప్రింగ్స్ అనే ఐదు ఊళ్లు కలిసి ఫ్రీమాంట్ నగరం అయింది. జూన్‌లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. 1965 చట్టంతో మన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఈ దేశానికి రాగలిగారు. కాని ఆ రోడ్లన్నీ అందరికీ ఒకేలా తెరుచుకోలేదు. నల్లజాతి కుటుంబాలు ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ తినవచ్చో చెప్పడానికి విక్టర్ గ్రీన్ అనే న్యూయార్కు పోస్టుమాన్ 1936లో ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాడు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చేదాకా దాని అవసరం తీరలేదు. మనం వచ్చేటప్పటికి మోటెల్ తలుపులు తీసి ఉన్నాయంటే, వాటిని తీయించినవారు వేరే ఉన్నారు. ఈ ఋణం గుర్తుంచుకోదగ్గది.

మొదటి తరం మనవాళ్లు స్టేషన్ వాగన్లలో దేశం చుట్టారు. వెనక ఐసు పెట్టె, పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా, మోటెల్ గదిలో చాటుగా వెలిగే రైస్ కుక్కరు. ఇందులో నవ్వుకోవడానికి ఎంత ఉందో, ఇబ్బంది కూడా అంతే ఉంది. శాకాహారులకు దారిలో దొరికేది బంగాళాదుంపల వేపుడు ఒక్కటే. అదీ 1990 దాకా, పేరుమోసిన దుకాణాలలో గొడ్డు కొవ్వులోనే వేగేది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లినప్పుడు సొంత వంటిల్లు వెంట ఉండడం ఎంత నిశ్చింతో వేరే చెప్పనక్కరలేదు. మోకాళ్ల నొప్పులవారికి పగలు కాసేపు నడుము వాల్చే చోటూ, అవసరానికి మరుగుదొడ్డీ ఉండడం అంతకంటే నిశ్చింత.

కాని వంటిల్లు వెంట వచ్చినప్పుడు వంట మనిషికి సెలవు రాదు. ఎడ్లు, బోయీలు, ఫోర్డుగారి వంటవాళ్లు అందరూ పోయాక మిగిలింది ఇంటి ఇల్లాలు. పది రోజుల ప్రయాణంలో ఆమె ముప్పై పూటలు ఆ చిన్న పొయ్యి ముందు నిలబడితే, యోసెమిటీ చూసింది ఎవరు? అందుకని మాకు తోచిన కట్టుబాట్లు కొన్ని చెబుతాం. వంట పూటలు మగవాళ్లూ, పెద్దపిల్లలూ పంచుకోవాలి. నీళ్లు నింపడం, మురుగుతొట్టి ఖాళీ చేయడం వంటి పనులు ఎవరివో బయలుదేరకముందే తేల్చుకోవాలి. బండి కదులుతుండగా టీ పెట్టమని ఎవరినీ లేపరాదు. అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవాలి, గ్యాసు కట్టేసి ఉండాలి. రీడ్ బండి పాఠం మరవకుండా సామాను తగ్గించాలి. నీళ్ల తొట్టి నిండితేనే బండి ఎంతో బరువెక్కుతుంది, కొండదిగుళ్లలో ఆ బరువు బ్రేకుల మీద పడుతుంది. రోజుకు నాలుగైదు గంటలకు మించి నడపక, పొద్దుండగానే మజిలీ చేరాలి. చలికాలంలో టయోగా రోడ్డు మూసి ఉంటుందనీ, డానర్ కనుమలో ఈనాటికీ మంచు దారిని ఆపుతుందనీ తెలుసుకుని బయలుదేరాలి. మన ఊరి నుంచి 680, 80 రహదారుల మీద ఆ కనుమ ఒక పూట ప్రయాణం. రీడ్ కుటుంబానికి అక్కడ ఒక చలికాలం పట్టింది.

చివరగా మా విన్నపం. ఈ వేసవిలో వెళ్లివచ్చిన కుటుంబాలు మజిలీల వివరం రాసి మన పత్రికకు పంపండి. దూరమెంత, నీళ్లెలా ఉన్నాయి, పెద్దవాళ్లకు మెట్లు ఎన్ని, పెరుగు ఎక్కడ దొరికింది, ఎక్కడ దొరకలేదు. అందమైన వర్ణనలు అక్కరలేదు. చూసిందే రాయండి, వెళ్లని దారి గురించి రాయకండి. వీరాస్వామయ్యగారు మనకు చేసిన మేలు మనం వెనక వచ్చేవారికి ఆ మాత్రమైనా చేయగలం.