గేరు పంటికి మైక్రాన్ల లెక్క: డిజైను, తనిఖీ కలిపి నేర్చుకోవడం ఎందుకు అవసరం?

పారిశ్రామిక ప్రాంతంగా 1976 ఏప్రిల్ 17న ఏర్పడిన నోయిడా పేరు నేడు సాఫ్ట్‌వేరు, మొబైల్ ఫోన్ల తయారీ సందర్భంలోనే ఎక్కువగా వినిపిస్తోంది. అయితే పరిసరాల్లోని యంత్ర పరిశ్రమ తక్కువదేమీ కాదు. గ్రేటర్ నోయిడాలో న్యూ హాలండ్ ట్రాక్టర్లు, సూరజ్‌పుర్‌లో యమహా ద్విచక్ర వాహనాలు తయారవుతున్నాయి. యమునకు ఆవలి ఒడ్డున ఫరీదాబాద్‌లో భారత్ గేర్స్ కర్మాగారం ఉంది. ట్రాక్టరైనా, మోటారు సైకిలైనా ఇంజను శక్తి చక్రానికి చేరడానికి గేర్లు కావాలి. వాటిని రూపొందించేవారికి, తయారైన వాటిని కొలిచి సరైనవని ధ్రువీకరించేవారికి ఇచ్చే వృత్తి శిక్షణలో అసలు ఏముండాలన్నది పరిశీలించదగిన ప్రశ్న.

గేరు పంటి పార్శ్వం సాధారణంగా ‘ఇన్వల్యూట్’ అనే వక్రరేఖ ఆకారంలో ఉంటుంది. స్తంభానికి చుట్టిన దారాన్ని బిగువు సడలకుండా విప్పుతూ పోతే దారపు కొస గీసే గీత అదే. 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ గేరు పళ్లకు ఈ ఆకారాన్ని సూచించారు. రెండు గేర్ల కేంద్రాల మధ్య దూరం కొద్దిగా మారినా వేగాల నిష్పత్తి మారకపోవడం దీని ప్రత్యేకత. డిజైను పాఠాలు ఇక్కడ మొదలై మాడ్యూలు, పీడన కోణం, పళ్ల సంఖ్య మీదుగా సాగుతాయి. పీడన కోణం 20 డిగ్రీలుండే సాధారణ గేరుకు 17 కంటే తక్కువ పళ్లు పెడితే కోత సమయంలో పంటి మొదలు అరిగి బలహీనపడుతుందని, దాన్ని నివారించడానికి పంటి ఆకృతిని కొంత జరపాలని తెలుసుకోవడం ఈ దశలోనిదే.

తనిఖీలో ప్రధానంగా నాలుగు అంశాలు చూస్తారు. పంటికీ పంటికీ మధ్య దూరం, పార్శ్వపు వక్రత, పంటి పొడవునా ఉండే వాలు, ఇరుసుతో పోలిస్తే చక్రం ఎంత పక్కకు తిరుగుతోందన్నది. తేడాలన్నీ మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటాయి. కొలత యంత్రం వీటిని గీతలుగా ముద్రిస్తుంది. ఆ గీతను చదవడం దగ్గరే డిజైను తెలియని తనిఖీదారు చిక్కుల్లో పడతాడు. బరువు పడినప్పుడు పళ్లు కొద్దిగా వంగుతాయి కనుక, ఢీకొనకుండా పంటి కొన దగ్గర కొన్ని మైక్రాన్ల లోహాన్ని డిజైనరే కావాలని తగ్గిస్తాడు. ఆదర్శ వక్రరేఖతో మాత్రమే పోల్చి చూస్తే అది లోపంగానే కనిపిస్తుంది. అలాంటప్పుడు మంచి గేరు తుక్కులోకి పోతుంది.

అంతకన్నా ఖరీదైన పొరపాటు డ్రాయింగు మీది ఒక్క అంకె వల్ల జరగవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 1328లో 2013 నాటి కూర్పు ప్రకారం పంటి పార్శ్వానికి 1 నుంచి 11 వరకు తరగతులున్నాయి. అంకె చిన్నదయ్యేకొద్దీ కచ్చితత్వం ఎక్కువ. అమెరికా గేరు తయారీదారుల సంఘం 1988 నాటి ప్రమాణంలో లెక్క తలకిందులు. అందులో క్యూ3 నుంచి క్యూ15 వరకు అంకె పెరిగేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. ఆ సంఘమే తర్వాత దిశ మార్చుకుంది. పాత అంకెను 17 నుంచి తీసివేస్తే కొత్త తరగతి దాదాపుగా వస్తుంది. ఆ లెక్కన క్యూ10 అంటే సుమారు 7వ తరగతి. పాత డ్రాయింగులోని క్యూ10ను ఐఎస్‌ఓ 10గా చదివితే మూడు తరగతులు దిగజారినట్టు. ఒక్కో తరగతికి అనుమతించే తేడా 2 వర్గమూలం చొప్పున పెరుగుతుంది కాబట్టి తేడాకు దొరికే వెసులుబాటు సుమారు 2.8 రెట్లవుతుంది. విదేశీ కొనుగోలుదారుల పాత డ్రాయింగులపై పనిచేసే యూనిట్లకు ఇది పరీక్షలో అడిగే ప్రశ్న కాదు, సరుకు మొత్తం వెనక్కి వచ్చే ప్రమాదం.

ఉష్ణోగ్రతదీ ఇదే తీరు. పొడవు కొలతలకు అంతర్జాతీయంగా ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మీటరు పొడవున్న ఉక్కు ఒక డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది. యంత్రం మీద నుంచి దించి, పది డిగ్రీల వేడి ఎక్కువుండగానే కొలిచిన 100 మిల్లీమీటర్ల గేరు వ్యాసంలో దాదాపు 11.5 మైక్రాన్ల అబద్ధం చేరుతుంది. ఉత్తరాది మే నెలలో షెడ్డు వేడి, కొలత గది చల్లదనం మధ్య అంతరం ఇంకా పెద్దది. గేరును గదిలో తగినంతసేపు ఉంచాకే కొలవాలన్న నియమం దీనికోసమే.

కొలిచే మనిషినీ, పరికరాన్నీ కొలవడం మరో పాఠం. పది భాగాలను ముగ్గురు చేత రెండు మూడుసార్లు కొలిపించి, ఫలితాల తేడాలో కొలత విధానం వాటా ఎంతో లెక్కిస్తారు. వాహన పరిశ్రమలో ఆ వాటా 10 శాతం లోపుంటే మేలైనదిగా, 30 శాతం దాటితే పనికిరానిదిగా పరిగణిస్తారు. విద్యుత్ వాహనాలతో దీని విలువ పెరిగింది. మోటారు నిమిషానికి పదివేల చుట్లు దాటి తిరిగే చోట, ఇంజను హోరు చాటున ఇంతకాలం దాగిన గేరు కూత ప్రయాణికుడికి నేరుగా వినిపిస్తుంది.

సంస్థల విషయానికొస్తే, భారతీయ ప్రమాణాల సంస్థకు చెందిన జాతీయ ప్రామాణీకరణ శిక్షణ సంస్థ నోయిడా సెక్టార్ 62లోనే ఉంది. బెంగళూరులోని కేంద్ర తయారీ సాంకేతిక సంస్థ 1962 నుంచి యంత్ర పరికరాలు, కొలతల రంగంలో పనిచేస్తోంది. తెలుగువారికి దగ్గరలో ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లోని కేంద్ర పరికర రూపకల్పన సంస్థ. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహకారంతో 1968లో ఏర్పడిన ఈ సంస్థ పరికరాలు, అచ్చుల తయారీలో దీర్ఘకాలిక డిప్లొమాలు అందిస్తోంది.

ఏ కోర్సులో చేరేవారైనా ముందుగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ప్రమాణం ఏ సంవత్సరపు కూర్పును బోధిస్తారు? అభ్యర్థి స్వయంగా గేరును యంత్రంపై బిగించి కొలుస్తాడా, లేక తెరపై బొమ్మ చూస్తాడా? నేర్పే పరికరానికి క్రమాంకన పత్రం ఉందా? ఆ పత్రంలోని కొలత మెట్టు మెట్టుగా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల భద్రపరిచే దేశ ప్రమాణం దాకా వెళ్లగలగాలి. తెగని గొలుసు అని కొలతల నిపుణులు దీన్నే అంటారు.