కారు స్టీరియోకు కాపలా

కారు రేడియో అమెరికాలో 1930 నాటికే అంగడి సరుకైంది. ఆ ఏడాది గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో అమ్మిన సెట్టు గాజు వాల్వులతో నడిచే బరువైన పరికరం. రిసీవరు ఒక చోట, స్పీకరు మరో చోట బిగించాలి. దాన్ని ఊడదీసేంత తీరిక దొంగకు ఉండదు. 1950లలో ట్రాన్సిస్టర్ రావడంతో సెట్టు చిన్నదైంది, తేలికైంది. 1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టును తెచ్చింది. ఆ దశాబ్దం ముగిసేలోగా క్యాసెట్ ప్లేయరు డ్యాష్‌బోర్డులోకి చేరింది. చంకలో పెట్టుకుపోగల ఖరీదైన వస్తువు రాత్రంతా వీధిలో ఉండడం అక్కడి నుంచి మొదలైంది.

దొంగకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది మాత్రం ఒక కొలత. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే గూడును జర్మనీ ప్రమాణంగా పెట్టుకుంది. డిన్ అనే ఆ కొలతే తర్వాత ఐఎస్ఓ 7736 అనే అంతర్జాతీయ ప్రమాణంగా ప్రపంచమంతా పాకింది. ఏ కంపెనీ సెట్టయినా ఆ కొలత గూడున్న ఏ కారులోనైనా కూర్చునేది. కొత్తది కొనేవాళ్లకు ఎంత సుఖమో, దొంగసొమ్ము కొనేవాళ్లకూ అంతే సుఖం. చాలా సెట్లకు ముందువైపు రెండు పక్కలా సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలో ఇనుప కమ్మీలు దూర్చి లాగితే సెట్టు జారి బయటికొస్తుంది. మెకానిక్ సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు అది. 1980లలో న్యూయార్క్ నగరంలో దొంగల భయంతో కార్ల అద్దాలకు ‘రేడియో లేదు’ అని రాసిన అట్టలు తగిలించేవారు.

ఉత్తర తెలంగాణలో ఈ కథకు వేరే రంగుంది. 1970ల నుంచి కరీంనగర్, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల వాళ్లు గల్ఫ్‌కు వెళ్లడం పెరిగింది. విదేశీ సరుకు మీద దిగుమతి సుంకం మండిపోయే ఆ రోజుల్లో దుబాయ్ నుంచి వచ్చిన టేపంటే ఇంట్లో బంగారం తర్వాత బంగారం. ఆ టేపు బండెక్కితే కాచడం కష్టం: ఆసిఫాబాద్ వైపు, అడవి దారుల్లో కార్లకంటే జీపులే ఎక్కువ. కాన్వాసు టాపు జీపుకు తలుపు తాళం ఎక్కడిది? అద్దం పగిలితే మోగే అలారం దానికేం పనికొస్తుంది? కాగజ్‌నగర్ కాగితపు మిల్లుకు వెదురు, జిన్నింగ్ మిల్లుల నుంచి పత్తి, గనుల నుంచి బొగ్గు మోసే లారీలకు కాపలా క్యాబిన్‌లో పడుకునే క్లీనరే. యంత్రాల కంటే ముందు పుట్టిన ఈ మనిషి కాపలాను చరిత్ర రాసేవాళ్లు తరచూ మరిచిపోతారు. నిజానికి బండిని, సరుకును, టేపును ఒకే నిద్రలో కాచినవాడు అతడే.

కంపెనీలు వెతికిన ఉపాయాలన్నీ చివరికి ఒక్కటే చెప్పాయి: విలువైనదాన్ని కారులో వదలొద్దు. మొదట సెట్టు మొత్తాన్ని పిడి పట్టి లాగి ఇంటికి మోసుకుపోయే పద్ధతి వచ్చింది. ఆ బరువు మోయలేక చాలామంది దాన్ని సీటు కింద దాచేవారు. దొంగ మొదట వెతికేదీ అక్కడే. తర్వాత ముందు పలక ఒక్కటే ఊడొచ్చే సెట్లు వచ్చాయి. పలకను డబ్బాలో పెట్టి జేబులో వేసుకుంటే, మిగిలిన పెట్టె పాడదు. ఇంకో ఉపాయం కోడ్. బ్యాటరీ తీగ తెగిన సెట్టును మళ్లీ కలిపితే అంకెలు అడుగుతుంది. పదేపదే తప్పు కొడితే మొరాయిస్తుంది. కోడ్ కార్డును కారు గ్లోవ్ బాక్సులోనే ఉంచితే మాత్రం తాళంచెవిని తలుపుకే వేలాడదీసినట్టు.

దొంగ సెట్టుకు విలువ దాన్ని కొనే చేతి నుంచే వస్తుంది. అందుకే చట్టం ఆ చేతినీ పట్టుకుంది. భారత శిక్షాస్మృతిలో దొంగతనానికి 379, దొంగసొమ్మని తెలిసి తీసుకోవడానికి 411 సెక్షన్లు ఉండేవి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు. 2024 జూలై 1 నుంచి వాటి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దొంగతనం ఇప్పుడు 303వ సెక్షన్ కింద ఉంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయలలోపు ఉండి, మొదటిసారి శిక్ష పడినవారు దాన్ని తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. ఒకప్పుడు నెలల జీతం పోసి కొన్న టేపుతో సమానమైన సెట్టు ఈరోజు చాలాసార్లు ఆ ధరలోపే దొరుకుతుంది.

ధర పడిపోవడమే అలారాలకంటే పెద్ద కాపలా అయింది. కొత్త కార్లలో తెరను డ్యాష్‌బోర్డు ఆకారానికే అచ్చుగా చేసి, కారు కంప్యూటరుతో కలిపేస్తున్నారు. ఊడదీసినా మరో కారులో కూర్చోదు. పాటలు ఫోన్లోకి చేరాయి. డ్రైవరు దిగినప్పుడు అవీ అతని జేబులోనే దిగిపోతున్నాయి.