పులి తన ఫొటో తానే తీసుకున్న రాత్రి

1925 అక్టోబరు 3న వెలువడిన 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' మొదటి పేజీలో ఒక పులి ఉంది. చచ్చిన పులి కాదు, అదే విశేషం. ఆ రోజుల్లో పత్రికలో పులి బొమ్మ పడిందంటే పక్కన తుపాకీ పట్టుకుని ఏ దొరో, రాజావారో నిలబడి ఉండడం మామూలు. ఈ పులి మాత్రం రాత్రి పూట తన అడవిలో తన దారిన తాను పోతోంది.

ఫొటో తీసింది ఫ్రెడరిక్ వాల్టర్ ఛాంపియన్. ఫొటోగ్రఫీ ఆయనకు బతుకుతెరువు కాదు. నేటి ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ కలిసి ఉన్న అప్పటి సంయుక్త ప్రావిన్సుల్లో అటవీ అధికారి. 'తీసింది' అన్న మాట కూడా సగమే నిజం. కెమెరా మీట నొక్కింది పులే.

పులులు నడిచే బాట చూసుకుని, అడ్డంగా ఒక సన్నని తీగ కట్టేవాడాయన. దాన్ని చెట్ల చాటున దాచిన కెమెరాకు, మెగ్నీషియం పొడికి కలిపేవాడు. పులి కాలు తీగకు తగిలిందా, పొడి భగ్గుమనేది, కెమెరాలోని గాజు ప్లేటు మీద బొమ్మ పడేది. రాత్రికి దక్కేది ఆ ఒక్క మెరుపే. పులికంటే ముందు ఏ దుప్పో, ముళ్లపందో వచ్చి తీగ తొక్కితే ఆ రాత్రికి అంతే సంగతులు. తృప్తిపడే పులి బొమ్మ చిక్కడానికి ఎనిమిదేళ్లు పట్టిందంటే ఆశ్చర్యమేముంది!

ఈ కిటుకు ఆయన సొంతం కాదు. అమెరికాలో జార్జ్ షైరాస్ అనే వేటగాడు అంతకు చాలా ముందే తుపాకీ పక్కన పెట్టి, తీగతో, మెరుపుతో రాత్రి పూట జింకల్ని ఫొటోలు తీశాడు. ఆయన తీసిన 74 ఫొటోలను 'నేషనల్ జియోగ్రాఫిక్' 1906 జులై సంచికలో వేసింది. వేటగాడి ఉపాయాలన్నీ కెమెరాకు పనికొచ్చాయి. కాపు కాయడం, జాడ తీయడం, గాలివాటు చూసుకోవడం, అన్నీ పాత విద్యలే. మారింది చేతిలోని వస్తువు మాత్రమే.

ఛాంపియన్ పుస్తకం 'విత్ ఎ కెమెరా ఇన్ టైగర్‌ల్యాండ్' 1927లో వచ్చింది. మనుషుల్ని తినే పులుల్ని వేటాడి పేరు పొందిన జిమ్ కార్బెట్ సైతం కెమెరా వైపు మళ్లడానికి ఛాంపియన్ ఫొటోలే ప్రేరణ. ఇవన్నీ ఒక ఎత్తు, ఛాంపియన్ గమనించిన ఇంకో చిన్న సంగతి ఒక ఎత్తు. బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఏ పులి చారలు ఆ పులివే. మన వేలిముద్రల్లాగే, రెంటికి పోలిక లేదు. ఫలానా పులి మళ్లీ వచ్చిందని ఆయన ఫొటో చూసి చెప్పగలిగేవాడు.

ఆ సంగతిని శాస్త్రం లెక్కలోకి తీసుకోవడానికి దశాబ్దాలు పట్టింది. 1990లలో కర్ణాటకలోని నాగరహొళెలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కెమెరాలు పెట్టి పులుల్ని చారలతో గుర్తుపట్టి లెక్కగట్టారు. తీగ పోయి, కదలికను పసిగట్టే పరికరం వచ్చింది. 2018 జాతీయ పులుల గణనకు 26,838 చోట్ల కెమెరాలు పెడితే పడిన ఫొటోలు మూడున్నర కోట్లకు కాస్త తక్కువ. పులులున్నవి వాటిలో 76,651 మాత్రమే. ఛాంపియన్ గాజు ప్లేట్ల కాలానికి ఇది ఊహకందని లెక్క.

నల్లమలలోనూ ఇదే పద్ధతి. అక్కడ అడవి కాపలాలో చెంచులు ఉన్నారు. బాటకు అటొకటి ఇటొకటి, మోకాలి ఎత్తున రెండు కెమెరాలు చెట్లకు కడతారు. రెండెందుకంటే, పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. ఒక పక్కే పడితే ఒక్క పులి లెక్కలో రెండు పులులైపోయే ప్రమాదం ఉంది. కట్టడం అయ్యాక కెమెరా పనిచేస్తోందో లేదో చూడాలి కదా? ఎవరో ఒకరు పులి ఎత్తుకు వంగి కెమెరా ముందు నుంచి పాకుతూ పోతారు. అందుకే కెమెరాలోని మెమరీ కార్డు తెరిస్తే పులి కంటే ముందు, నాలుగు కాళ్ల మీద పాకుతున్న మనిషి కనిపిస్తాడు.