భర్తకు ముందస్తు సమాచార నిబంధన

వివాహిత గర్భస్రావం చేయించుకునే ముందు ఆ సంగతి భర్తకు తెలియజేయాలని నిర్దేశించే చట్టపరమైన షరతు ఇది. భర్త అనుమతిని కోరే షరతుకు ఇది భిన్నం. అమెరికాలో అనుమతి షరతును 1976లో డాన్‌ఫోర్త్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. తనకే లేని వీటో అధికారాన్ని రాష్ట్రం భర్తకు ఇవ్వజాలదని పేర్కొంది.

ఆ తర్వాత పెన్సిల్వేనియా, అనుమతి బదులు సమాచారం చాలన్న పద్ధతిని ఎంచుకుంది. భర్తకు చెప్పినట్లు భార్య సంతకం చేసిన ప్రకటన ఇవ్వాలి. గర్భానికి భర్త కారకుడు కానప్పుడు, అతని ఆచూకీ దొరకనప్పుడు, అతని లైంగిక దాడిపై ఫిర్యాదు చేసినప్పుడు, చెబితే దేహహాని తప్పదని ఆమె నమ్మినప్పుడు మినహాయింపు ఉండేది. షరతు పాటించని వైద్యుడి లైసెన్సు రద్దయ్యేది. మానసిక హింసకు, పిల్లలపై దాడి భయానికి మాత్రం మినహాయింపు లేకపోవడం ఈ జాబితాలోని ప్రధాన లోపం.

1991లో అప్పీలు కోర్టు నిబంధనను తోసిపుచ్చగా న్యాయమూర్తి శామ్యూల్ అలిటో విభేదించారు. 1992 జూన్ 29న కేసీ తీర్పులో సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో దాన్ని రద్దు చేసింది. పుట్టిన బిడ్డపై తండ్రికి సమాన ఆసక్తి ఉంటుందని అంగీకరిస్తూనే, గర్భధారణ భారం స్త్రీ శరీరంపైనే ఎక్కువని చెప్పింది. 24 గంటల నిరీక్షణ వంటి షరతులను మాత్రం నిలిపింది. కేసీ తీర్పును 2022 జూన్ 24న డాబ్స్ కేసులో కోర్టు తోసిపుచ్చింది. ఆ మెజారిటీ తీర్పు రాసింది అలిటోయే.

భారతదేశంలో 1971 గర్భస్రావ చట్టం ప్రకారం వయోజన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలు. అయినా భర్త సంతకం అడిగే ఆసుపత్రులు ఉన్నాయి.