ములాఖత్ నుంచి ఫోన్ దాకా: కడప, కర్నూలు సీమలో జైలు పలకరింపు

కడప, కర్నూలు జిల్లాల్లో జైల్లో ఉన్న మనిషిని చూడబోవడాన్ని ‘ములాఖత్’ అంటారు. ఖైదు, జామీను, వకాల్తా లాగే నవాబుల నాటి కచేరీ భాష నుంచి జనం నోట నిలిచిపోయిన మాట ఇది. అర్థం కలయిక అని మాత్రమే. అయితే ఆ కలయిక జరగాలంటే ఈ మెట్టసీమలో ముందు దూరాన్ని గెలవాలి.

ఈ ప్రాంతపు ఖైదీలను దూరం పంపడం పాత పద్ధతే. 1839లో ఇంగ్లీషువాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకుని తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది ఆయన అక్కడే హత్యకు గురయ్యాడు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరం మీద వేలూరు జైలుకు వెళ్లారు. తర్వాతి తరం సత్యాగ్రహుల్లో చాలామందికి బళ్ళారి పక్కనున్న అల్లీపురం జైలే ఇల్లయింది. 1953 అక్టోబరులో బళ్ళారితో పాటు ఆ జైలూ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న నాలుగు కేంద్ర కారాగారాల్లో రాయలసీమకు దక్కింది కడప ఒక్కటే. మిగిలినవి రాజమహేంద్రవరం, విశాఖపట్నం, నెల్లూరు. కడపలో మహిళలకు ప్రత్యేక జైలు కూడా ఉంది. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు దాదాపు 200 కిలోమీటర్లు. ఆదోని వైపు వాళ్లకైతే కర్నూలు చేరేసరికే మరో 100 పడుతుంది. కూలికి పోయే ఇల్లాలికి అరగంట మాట కోసం రెండు రోజుల కూలీ, బస్సు ఛార్జీలూ పోతాయి.

1894 నాటి జైళ్ల చట్టం శిక్ష పడని ఖైదీలను బంధువులు, వకీళ్లు కలుసుకోవడానికి ఏర్పాటు ఉండాలని చెప్పింది. అదే చట్టం అనుమతి లేకుండా ఖైదీతో సంబంధం పెట్టుకున్నవాళ్లకు 6 నెలల జైలు, 200 రూపాయల జరిమానా దాకా శిక్ష రాసింది. మిగిలిన దారి ఉత్తరం. 1879లో పావు అణాకు వచ్చిన పోస్టుకార్డు పేదవాళ్లకూ అందింది. కానీ జైలు ఉత్తరాన్ని ముందు అధికారి చదువుతాడు. ఊరు చేరాక, ఇంట్లో చదువు లేకపోతే, ఏ బడిపంతులో చదివి వినిపించాలి. పగలూ పంతాలూ ఉన్న ఊళ్లో కార్డు ముక్క మీద మనసులో మాట రాయడం ఎవరికైనా కష్టమే.

అందుకే రిమాండు ఖైదీల కుటుంబాలకు అసలైన ములాఖత్ కోర్టు వాయిదా రోజున దొరికేది. ఎస్కార్టు పోలీసుల మధ్య నడిచి వస్తున్న మనిషికి వరండాలో నాలుగు మాటలు చెప్పి, బిడ్డను చూపించేవాళ్లు. చట్టంలో ఎక్కడా రాయని ఈ కలయికను కూడా లెక్కలోకి తీసుకోవాలి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2008లో వచ్చిన సవరణ, రిమాండు పొడిగింపుకు ఖైదీని వీడియోలో చూపితే చాలని ఒప్పుకుంది. దారి ఖర్చు, తప్పించుకుపోతారనే భయం తగ్గాయి. వరండా పలకరింపు కూడా తగ్గింది.

ములాఖత్‌ను దయ నుంచి హక్కు వైపు నడిపినవి సుప్రీంకోర్టు తీర్పులు. 1979 డిసెంబరులో సునీల్ బాత్రా రెండో కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, ఒంటరితనంలో ఉన్న ఖైదీకి అయినవాళ్ల రాక ఊరట అన్నారు. 1981 జనవరిలో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో, నిర్బంధితులకు నెలకు ఒక్క ములాఖత్ అనే షరతును కోర్టు కొట్టేసింది. బంధువులను కలవడం ఆర్టికల్ 21 ఇచ్చే జీవించే హక్కులో భాగమని తేల్చింది.

ఫోన్ మాత్రం చాలా ఆలస్యంగా గోడ లోపలికి వెళ్లింది. 1980ల చివరి నుంచి పట్టణాల్లో ఎస్‌టీడీ బూత్‌లు వెలిసినా, వాటితో వకీలును అడిగి వాయిదా తేదీ తెలుసుకోవచ్చు గానీ ఖైదీ గొంతు వినలేరు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 58వది, ఉత్తరాలతో పాటు వీలున్న చోట టెలిఫోన్ వంటి సాధనాలతోనూ కుటుంబంతో సంబంధం నిలుపుకోనివ్వాలంటుంది. కేంద్రం 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ కూడా డబ్బు చెల్లించి ఫోన్ చేసుకునే వీలు కల్పించింది. అయితే అది సూపరింటెండెంట్ విచక్షణకు, ఖైదీ నడవడికకు లోబడి ఉంటుంది. సెల్‌ఫోన్ దొంగచాటుగా లోపలికి చేరడం నేరమే. కానీ న్యాయంగా మాట్లాడే దారి ఇరుకైన కొద్దీ దొంగదారికి గిరాకీ పెరుగుతుందని మరవకూడదు.

2020లో కోవిడ్ వచ్చి ములాఖత్‌లు ఆగినప్పుడు ఫోనే ఆధారమైంది. మార్చి 23న సుప్రీంకోర్టు ఖైదీల విడుదలను పరిశీలించే కమిటీలు వేయమంది. ఈ-ములాఖత్ పద్ధతిలో వీడియో పలకరింపు వాడుకలోకి వచ్చింది. దానికి సెల్‌ఫోన్, ఇంటర్నెట్, నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. స్మార్ట్‌ఫోన్ లేని ముసలి తల్లికి ఇది అందదు. ఆమెకు మామూలు ఫోన్‌లో వినిపించే గొంతే దారి.

ఆదోని, ఆలూరు, మంత్రాలయం ప్రాంతాల కూలీలకు ఫోన్ మరింత అవసరం. వానలు లేని ఏట ఊళ్లు ఖాళీ అవుతాయి. సుగ్గికి, అంటే వలస కూలికి, పోయిన కుటుంబం కొన్నాళ్లు గుంటూరు మిరప తోటల్లో, కొన్నాళ్లు బెంగుళూరు కట్టడాల దగ్గర గుడిసె వేసుకుని ఉంటుంది. తాళం వేసిన ఇంటికి ఉత్తరం వచ్చినా అందుకునేవాళ్లు ఉండరు. వాళ్లతో పాటు ప్రయాణించే చిరునామా సెల్ నంబరే. జైలుకు ఇచ్చిన ఆ నంబరు రీఛార్జి లేక ఆగిపోతే, కొత్త నంబరు లోపలికి చేరవేయడానికి ఇంట్లో ఒకరు మళ్లీ కడప బస్సెక్కాలి.