పూటకాపులు: బాప్తిస్మపు తొట్టి దగ్గర నిలబడినవారి చరిత్ర



మొన్న బడులు తెరిచే రోజుల్లో ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకొని మన మందిరానికి వచ్చింది. స్కూలు కాగితాల్లో బాబు పుట్టిన తేదీ ఒకటుంది, ఆధార్‌లో ఇంకొకటుంది. బాప్తిస్మపు సర్టిఫికెటు ఇస్తే సరిచేయించుకుంటానన్నది. వాళ్లను మేము గుర్తుపట్టలేదు. కూర్చోమని చెప్పి పాత రిజిస్టరు తీశాము. సంవత్సరం చెప్పింది, పేజీ దొరికింది. బాబు పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి: ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు డ్రైవరు. చివరి గడిలో "జ్ఞాన తల్లిదండ్రులు" అని ఉన్నచోట రెండు సంతకాలు. ఒకటి మాది, ఒకటి మా పాస్టరమ్మది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ కుటుంబానికి ఈ చుట్టుపక్కల నా అన్నవాళ్లు లేరు. బిడ్డ కోసం నిలబడేవారు లేక మేమే నిలబడ్డాము. సంఘమంతా వింటుండగా, ఈ బిడ్డను ప్రభువు భయములో పెంచడానికి సాయపడతామని మాటిచ్చాము. తర్వాత కాంట్రాక్టు అయిపోయింది, వాళ్లు వెళ్లిపోయారు, ఫోన్ నంబరు మారింది. మేము మరచిపోయాము. బాబు తండ్రి చనిపోయి రెండేళ్లయిందని ఆ రోజే తెలిసింది. పిల్లవాడు గుమ్మం దగ్గర చెప్పులు చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నాడు. మేము తలెత్తి వాణ్ణి చూడడానికి కొంచెం సమయం పట్టింది.

ఆ రాత్రి నుంచి ఈ జ్ఞాన తల్లిదండ్రులనే మాట ఎక్కడిది, సంఘంలోకి ఎట్లా వచ్చింది అని సెమినరీ నాటి నోట్సులు, పుస్తకాలు తిరగేస్తూ ఉన్నాము. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాము.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. "జ్ఞాన తండ్రి" అనే మాట బైబిలులో లేదు. మన పక్కనున్న బాప్టిస్టు, పెంతెకొస్తు సహోదరులు ఈ మాటే అడుగుతారు, అడగడం న్యాయమే. కాని ఇంకొక మాట ఉంది: పూటకాపు. మన తెలుగు బైబిలులో హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం 22వ వచనంలో యేసుప్రభువును ఆ మాటతోనే పిలిచారు. ఇప్పటి పిల్లలకు పూటకాపు అంటే తెలియదు గాని, జమానతు అంటే మన బొగ్గుబాయి ప్రాంతంలో తెలియని ఇల్లు లేదు. చిట్టీ పాడాలన్నా, బ్యాంకులో లోను తీయాలన్నా మొదట అడిగేది "సింగరేణి ఉద్యోగి జమానతు ఉన్నాడా" అనే. జీతం స్లిప్పు జిరాక్సు తీసుకొని ఎవరైనా ఇంటికొస్తే ఇంట్లోవాళ్ల ముఖం ఎట్లా మారుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. బాకీదారుడు కట్టకపోతే కోత మన జీతంలో పడుతుంది. అందుకే సామెతల గ్రంథం పూటపడేవాణ్ణి పదే పదే హెచ్చరిస్తుంది.

అదే బైబిలులో యూదా తన తమ్ముడైన బెన్యామీను కోసం పూటపడ్డాడు. తండ్రి యాకోబుతో, పిల్లవాణ్ణి తిరిగి తీసుకురాకపోతే ఆ నింద నామీదే అన్నాడు. ఐగుప్తులో గిన్నె బెన్యామీను గోనెలో దొరికినప్పుడు, పిల్లవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకోండని ముందుకొచ్చాడు. ఒకప్పుడు యోసేపును అమ్ముదామన్నది కూడా ఈ యూదాయే. ఆదికాండములో ఈ రెండు అధ్యాయాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి.

ఇక సంఘ చరిత్రలోకి వద్దాము. మొదటి శతాబ్దాల్లో ఈ పద్ధతి ఎక్కువగా పెద్దవాళ్ల కోసం ఉండేది. హింసల కాలం. కొత్తగా ఒకడు వచ్చి నేను విశ్వసించాను అంటే నిజమా, వేగుకు వచ్చాడా అన్నది తేల్చుకోవాలి. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో సౌలు యెరూషలేముకు వస్తే శిష్యులందరూ భయపడ్డారు. బర్నబా ఒక్కడే చేయిపట్టుకొని తీసుకెళ్లి అతని పక్షంగా మాట్లాడాడు. మూడో శతాబ్దంలో హిప్పొలితు పేరిట నిలిచిన సంఘ క్రమంలో, కొత్తవాణ్ణి తెచ్చినవారు అతని గురించి సాక్ష్యం చెప్పాలని ఉంది. బాప్తిస్మానికి ముందు మళ్లీ అడిగేవారు: ఇతడు విధవరాండ్రను గౌరవించాడా, రోగులను చూసివచ్చాడా అని. పద్యాలు, వాక్యాలు అప్పజెప్పాడా అని కాదు, రోగులను చూసివచ్చాడా అని. అదే క్రమంలో, మాట్లాడలేని చిన్నపిల్లల పక్షాన తల్లిదండ్రులో బంధువులో మాట్లాడాలని కూడా ఉంది.

సుమారు 200వ సంవత్సరంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో తెర్తుల్లియను అనే దైవజనుడు బాప్తిస్మం మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లల కోసం నిలబడేవారికి ఆయన వాడిన లాటిను మాటకు సరిగ్గా మన జమానతుదారుడనే అర్థం. విచిత్రమేమంటే ఆయన ఈ పద్ధతిని మెచ్చుకోలేదు. పిల్లలకు తొందరపడి బాప్తిస్మం ఎందుకు, పూటపడినవాళ్లను అపాయంలో ఎందుకు పెట్టాలి అన్నాడు. వాళ్లు చనిపోతే మాట చెల్లించలేరు, పిల్లవాడు పెరిగి చెడిపోతే వాళ్లు మోసపోయినట్లే. ఆయన ముగింపును మన సంఘం అంగీకరించదు. కాని ఇది ప్రమాదమున్న పని అని ఆయనకు అర్థమైంది. మనకు ఆ భయం కూడా లేదు. ఫొటో దిగి, బిర్యానీ తిని ఇంటికెళ్తున్నాము.

రెండు వందల ఏళ్ల తర్వాత, 5వ శతాబ్దం మొదట్లో, బోనిఫేసు అనే బిషపు ఇదే సందేహం హిప్పో పట్టణపు అగస్టీనుకు రాశాడు. ఈ పసివాడు రేపు దొంగ అవుతాడో దొర అవుతాడో చెప్పలేనివాళ్లు, "వీడు దేవుణ్ణి నమ్ముతున్నాడు" అని వాడి తరఫున ఎట్లా జవాబు చెప్తారు అని. అగస్టీను జవాబు పొడుగైనది. అందులో మమ్మల్ని పట్టుకున్న సంగతి ఒకటుంది. బిడ్డలను ఎప్పుడూ కన్నవాళ్లే తెస్తారని అనుకోవద్దు, దాసుల బిడ్డలను యజమానులు తెస్తున్నారు, తల్లిదండ్రులు చనిపోయిన బిడ్డలను కనికరంగలవారు తెస్తున్నారు, వీధిలో పారేసిన పసికందులను ప్రభువుకు ప్రతిష్ఠించుకున్న కన్యకలు ఎత్తుకొచ్చి బాప్తిస్మం ఇప్పిస్తున్నారు అంటాడు. బిడ్డను తెచ్చేది ఆ చేతులు మాత్రమే కాదు, పరిశుద్ధుల సహవాసమంతా కలిసి తెస్తున్నది అని ఆయన వాదన.

తర్వాత తర్వాత చట్టాలు పెరిగాయి. 530లో జస్టీనియను చక్రవర్తి జ్ఞాన తండ్రి తన జ్ఞాన కుమార్తెను పెండ్లాడకూడదని శాసనం చేశాడు. 813లో మైంజు నగరంలో కూడిన సభ, కన్నవాళ్లు తమ సొంత బిడ్డకు జ్ఞాన తల్లిదండ్రులుగా ఉండకూడదన్నది. అంటే బిడ్డకు ఇంకొక ఇల్లు ఉండాలని. ఇక్కడ ఒక నవ్వు వచ్చే సంగతి. మనదేమో మేనరికాల దేశం. పుట్టువెంట్రుకల దగ్గర నుంచి పెండ్లి పీటల దాకా మేనమామ లేనిదే పని జరగదు, ఆ మేనమామకే పిల్లనిచ్చే ఆచారమూ ఉంది. అటువంటి ఊళ్లో మేనమామను జ్ఞాన తండ్రిగా నిలబెడితే పాత చట్టం ప్రకారం సంబంధం పోయినట్లే! రోమను కతోలిక సంఘం 1983 నాటి చట్టంలో ఆ అడ్డు తీసేసింది. మనవాళ్లు మాత్రం ఇప్పటికీ వరుసలు చూసుకొనే సంతకం పెడతారు.

సంస్కరణ తర్వాత ప్రొటెస్టెంటులు రెండు దారులు పట్టారు. ఆంగ్లికనుల 1662 ప్రార్థన పుస్తకం లెక్క కట్టి చెప్పింది: మగబిడ్డకు ఇద్దరు జ్ఞాన తండ్రులు, ఒక జ్ఞాన తల్లి, ఆడబిడ్డకు ఇద్దరు తల్లులు, ఒక తండ్రి. బిడ్డకు విశ్వాస ప్రమాణము, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు నేర్పించే బాధ్యత వాళ్లది. ప్రెస్బిటేరియనులు బిడ్డను తండ్రే తేవాలన్నారు. మెథడిస్టుల తండ్రి జాన్ వెస్లీ 1752లో జ్ఞాన తల్లిదండ్రుల గురించి చిన్న పుస్తకం రాశాడు. ఇది లేఖనం ఆజ్ఞాపించినది కాదు, రక్షణకు అవసరమూ కాదు, కాని దేవుని భయంగలవారు దొరికితే మేలైన ఆచారం అన్నాడు. లోకాన్ని, సాతానును విసర్జిస్తానన్న మాట బిడ్డది, బిడ్డకు అది నేర్పించడమే మీ వంతు అని, సంతకానికి జంకేవారికి ధైర్యం చెప్పాడు. అదే వెస్లీ 1784లో అమెరికా మెథడిస్టులకు ఆరాధన క్రమం తయారుచేసి పంపినప్పుడు జ్ఞాన తల్లిదండ్రులను అందులోనుంచి తీసేశాడు.

ఈ రెండు దారులూ మన గోదావరి ఒడ్డున కలిశాయి. కరీంనగర్ సీమలో సువార్త తెచ్చింది వెస్లియన్ మెథడిస్టులు. దక్షిణాన డోర్నకల్లులో ఆంగ్లికనులు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు డోర్నకల్ మొదటి బిషపు, ఆంగ్లికను సంఘంలో మొదటి భారతీయ బిషపు కూడా. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించేవరకు పల్లెపల్లె తిరిగారు. ఆయన కాలంలో మాల మాదిగ పల్లెలు వాడలకు వాడలే బాప్తిస్మం పొందాయి. అందరూ కొత్తవాళ్లే అయినప్పుడు ఎవరికి ఎవరు పూట? అక్కడ బరువు మోసింది ఊళ్లో కాపురమున్న ఉపదేశి, ఆయన భార్య. రాత్రి దీపం కింద ప్రార్థనలు నేర్పింది వాళ్లే. బాప్తిస్మం పొందినవాళ్ల చేతిని వాళ్ల తలమీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అజరయ్యగారు పలికించేవారని పెద్దలు చెప్పేది మీరూ వినే ఉంటారు. తీసుకున్నవాడే మరొకడికి తెచ్చేవాడు కావాలని ఆయన పట్టుదల.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటయ్యారు. 1978లో కరీంనగర్ అధ్యక్ష మండలం వేరుపడింది. మన ఐక్య సంఘపు క్రమంలో ప్రమాణం ముఖ్యంగా తల్లిదండ్రులదే, జ్ఞాన తల్లిదండ్రులు ఉండవచ్చు. ఆ "ఉండవచ్చు" అన్న మాటలో రెండు సంప్రదాయాల రాజీ ఉంది. ఆ మాటలోనే మన అశ్రద్ధ కూడా దూరింది.

బొగ్గు కూడా ఈ చరిత్రలో ఉంది. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ నూరేళ్ల గుర్తే మన పక్కనున్న సెంటినరీ కాలనీ. 1960ల నుంచి రామగుండం, గోదావరిఖనిలో బాయిలు తెరిచేసరికి ఇల్లందు, కొత్తగూడెం నుంచి బదిలీ మీద మనుషులు వచ్చారు, ఆంధ్రా జిల్లాల నుంచీ వచ్చారు. వాళ్లతో వాళ్ల సంఘపు అలవాట్లూ వచ్చాయి. మేనమామ ఖమ్మం దగ్గర పల్లెలో, బిడ్డ బాప్తిస్మం ఇక్కడ. ఆ రోజుల్లో ఫోను లేదు. మొదటి షిఫ్టులో పక్కన పనిచేసేవాడే బిడ్డకు జ్ఞాన తండ్రి అయ్యేవాడు. మా పాత రిజిస్టరులో తండ్రికి, పూటపడినవాడికి ఒకటే ఇంక్లైను ఉన్న పేజీలు ఎన్నో ఉన్నాయి. పైకప్పు కూలితే ఇద్దరూ ఒకే చోట ఉంటారని వాళ్లకు తెలుసు. అయినా రాశారు.

పాత పెద్దమ్మ ఒకామె మాతో అన్నది: "అయ్యగారూ, అప్పుడు జ్ఞాన తల్లి అంటే బిడ్డను బడి తోలుడు, జ్వరమొస్తే దవాఖానకు ఎత్తుకపోవుడు, ఆదివారం జడేసి గుడికి తెచ్చుడు. ఇప్పుడు వెండి పట్టీలు, డ్రెస్సు."

పట్టీలు పెట్టవద్దని మేము అనము. కాని ఈ సంవత్సరం నుంచి బాప్తిస్మానికి ముందు రెండు సాయంత్రాలు జ్ఞాన తల్లిదండ్రులతో కూర్చోవాలని పెద్దలతో మాట్లాడి నిర్ణయించాము. వరుసకు ఏమవుతారని గాక, బిడ్డ ఇంటికి ఎంత దూరంలో ఉంటారని అడుగుతున్నాము. మీలో ఎవరెవరు ఎవరి కోసం సంతకం పెట్టారో గుర్తులేకపోతే మందిరానికి రండి, రిజిస్టరు చూపిస్తాము. సిగ్గుపడవద్దు, మొదటి పేరు మాదే.

ఆ బాబు ఇప్పుడు గోదావరిఖనిలో హాస్టలులో ఉండి చదువుతున్నాడు. తల్లి కూలి పని వదిలి రాలేదు గనుక, లోకల్ గార్డియన్ ఫారం మీద సంతకానికి మమ్మల్ని పిలిచింది. అందులో "విద్యార్థితో సంబంధం" అని ఒక గడి ఉంది. జ్ఞాన తండ్రి అని రాశాము. గుమాస్తా చూసి, ఇదేం చుట్టరికం సార్ అని అడిగి, దాన్ని కొట్టేసి "గార్డియన్" అని తానే రాసుకొని, ఫోన్ నంబరు తీసుకున్నాడు.

పోయిన గురువారం రాత్రి ఆ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. బాబుకు జ్వరం. బండి తీసుకొని వెళ్లి ఇంటికి తెచ్చుకున్నాము. పాస్టరమ్మ జావ కాచింది. ఆదివారం దాకా మాతోనే ఉన్నాడు.